అడేర్ కౌంటీ, ఓక్లహోమా: చెరోకీ కొండసీమ నేల, జనాభా

పినాకిని (బెంటన్‌విల్, ఆర్కాన్సా)

సభ్యులందరికీ నమస్కారం. ఓక్లహోమా రాష్ట్రపు తూర్పు అంచున, ఆర్కాన్సా సరిహద్దును ఆనుకుని ఉన్న అడేర్ కౌంటీ మీద తెలుగు విజ్ఞాన సర్వస్వం కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. మేముండే ఊరి నుంచి సైలోమ్ స్ప్రింగ్స్ మీదుగా 59వ నంబరు హైవే పట్టుకుని దక్షిణానికి వెళితే వాట్స్, వెస్ట్‌విల్, స్టిల్‌వెల్ ఊళ్లు వరుసగా వస్తాయి. ఉద్యోగాల కోసం బెంటన్‌విల్ చేరిన తెలుగు కుటుంబాలలో చాలామందికి ఇంత దగ్గరలో అమెరికా మూలవాసులైన చెరోకీల భాష ఇంకా ఇళ్లలో వినిపించే పల్లెలు ఉన్నాయని తెలియదు. నాకూ మొన్నమొన్నటి దాకా తెలియదు.

వ్యాసంలో రెండు చోట్ల ఆగిపోయాను. మొదటిది జనాభా. 2010 జనగణనలో ఈ కౌంటీ జనాభా 22,683 కాగా 2020లో అది 19,495కు పడిపోయింది. అదే పదేళ్లలో మా బెంటన్ కౌంటీ 2,21,339 నుంచి 2,84,333కు పెరిగింది. సరిహద్దుకు అటూ ఇటూ ఇంత తేడా ఎందుకో నాకు అర్థం కాలేదు. రెండవది, ఇక్కడి జనంలో చెరోకీలు ఎంతమంది అన్న ప్రశ్న. ఒక పట్టిక ఒక అంకె చెబితే మరొకటి ఇంకొకటి చెబుతోంది. తెలిసినవారు దయచేసి వివరించండి.

ఓజార్క్ బాటసారి (ఫేయెట్‌విల్)

పినాకిని గారూ, ముందు నేల గురించి చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే తప్ప అక్కడి జనం అర్థం కారని నా నమ్మకం. పద్దెనిమిదేళ్లుగా ఈ కొండల్లో నడుస్తున్నాను.

కౌంటీ విస్తీర్ణం 577 చదరపు మైళ్లు, అంటే దాదాపు 1,490 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన డెలావేర్ కౌంటీ, పడమట చెరోకీ కౌంటీ, దక్షిణాన సెకోయా కౌంటీ, తూర్పున ఆర్కాన్సా రాష్ట్రం ఉన్నాయి. మొత్తం ప్రాంతం ఓజార్క్ పీఠభూమిలో భాగం. ఓక్లహోమా అనగానే చాలామంది మనసులో గాలి వీచే గడ్డిమైదానాలు మెదులుతాయి కానీ, ఇక్కడ అవి కనిపించవు. ఓక్, హికరీ చెట్లు కమ్ముకున్న గుట్టలు, వాటి మధ్య ఇరుకు లోయలు, లోయల అడుగున గులకరాళ్ల మీద పారే తేటనీటి వాగులు కనిపిస్తాయి. దక్షిణానికి పోయేకొద్దీ బోస్టన్ పర్వతాల కొసలు తగిలి నేల మరింత నిటారుగా మారుతుంది.

అడుగున ఉన్నది సున్నపురాయి, దానిలో పొరలు పొరలుగా చెకుముకి రాయి. సున్నపురాయి నీటికి కరుగుతుంది కనుక నేల లోపల గుహలు, కాలువలు ఏర్పడ్డాయి. వానకు పడిన నీరు పైన నిలవకుండా బొరియల్లోకి దిగిపోయి మరొక చోట ఊటగా పైకి వస్తుంది. అందుకే పాత ఇళ్లన్నీ ఊటల పక్కన కట్టుకున్నవే. ఈ గుహల్లో బతికే ఓజార్క్ పెద్దచెవుల గబ్బిలం అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి కాబట్టి కొన్ని గుహలను ఓజార్క్ పీఠభూమి జాతీయ వన్యప్రాణి ఆశ్రయంగా కాపాడుతున్నారు.

నీటి విషయానికి వస్తే, ఇల్లినాయ్ నది ఆర్కాన్సా నుంచి వాట్స్ దగ్గర ఓక్లహోమాలోకి అడుగుపెడుతుంది. పేరు చూసి ఇల్లినాయ్ రాష్ట్రంతో ముడిపెట్టకండి. దానిలో కలిసే బ్యారెన్ ఫోర్క్ వాగు ఈ కౌంటీ మధ్యగా పారుతుంది. దక్షిణ భాగపు నీరు సాలిసా, లీ అనే వాగుల్లోకి పోతుంది. పెద్ద ఎత్తున దున్నుకునే చదును నేల తక్కువ. పశువులు, ఎండుగడ్డి, కోళ్ల షెడ్లు, ఒకప్పుడు స్ట్రాబెర్రీ తోటలు: ఇదీ ఇక్కడి సాగు. స్టిల్‌వెల్‌లో 1948 నుంచి ప్రతి మే నెలలో స్ట్రాబెర్రీ ఉత్సవం జరుగుతోంది. తోటలు బాగా తగ్గిపోయినా పండుగ మాత్రం ఆగలేదు.

కొత్తగళం

నాదొక ప్రాథమిక సందేహం, మన్నించాలి. ఇది చెరోకీ రిజర్వేషనా, అంటే ఆ గిరిజనులకు కేటాయించిన ప్రాంతమా, లేక ఓక్లహోమా రాష్ట్రంలోని మామూలు కౌంటీనా? రెండూ ఒకేసారి ఎలా కాగలదు?

శబరి (భద్రాచలం)

కొత్తగళం గారి ప్రశ్న ప్రాథమికమైనదే కానీ చిన్నది కాదు. రెండూ ఒకేసారి అవును. అది ఎలా అయిందో చెప్పడానికి కొంత వెనక్కి వెళ్లక తప్పదు.

చెరోకీల పాత నేల ఇప్పటి జార్జియా, టెనెసీ, ఉత్తర కరొలైనా, అలబామా కొండల్లో ఉంది. 1835లో న్యూ ఎకోటా దగ్గర ఒక చిన్న వర్గం సంతకం పెట్టిన ఒప్పందాన్ని అడ్డుపెట్టుకుని, ప్రధాన నాయకుడు జాన్ రాస్, అత్యధిక ప్రజలు వ్యతిరేకించినా, అమెరికా సైన్యం 1838లో సుమారు 16,000 మందిని ఇళ్ల నుంచి లేపి శిబిరాల్లో పెట్టి పడమటికి నడిపించింది. వారిలో దాదాపు 4,000 మంది చనిపోయారని ఎక్కువగా అంగీకరించే అంచనా. దీన్నే కన్నీటి బాట అంటారు. ఆ బాటలో వచ్చిన బృందాలలో ఒకటి జెస్సీ బుషీహెడ్ అనే చెరోకీ పాస్టరు నడిపించినది. 1839 ఫిబ్రవరిలో అది ఇప్పటి వెస్ట్‌విల్ దగ్గరకు చేరింది. అక్కడ రేషన్లు పంచేవారు కనుక ఆ చోటికి బ్రెడ్‌టౌన్, అంటే రొట్టెల ఊరు అన్న పేరు పడింది. బాప్టిస్ట్ మిషన్ అక్కడే వెలిసింది, 1844లో చెరోకీ మెసెంజర్ పత్రిక అక్కడే అచ్చయింది, బుషీహెడ్ సమాధీ అక్కడే ఉంది. పినాకిని గారూ, మీ వ్యాసంలో ఆ చోటిని వదిలిపెట్టకండి.

కొత్త నేలలో చెరోకీ నేషన్ తన రాజ్యాంగం, కోర్టులు, బడులు తానే నడుపుకుంది. పాలన కోసం దేశాన్ని డిస్ట్రిక్టులుగా విభజించుకుంది. వాటిలో గోయింగ్ స్నేక్, ఫ్లింట్ అనే రెండు డిస్ట్రిక్టుల నేలలోంచే 1907లో, ఓక్లహోమా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అడేర్ కౌంటీని కత్తిరించారు. ఒకటి కన్నీటి బాట నడిచిన ఒక వృద్ధ నాయకుడి పేరు, రెండవది బాటసారి గారు చెప్పిన చెకుముకి రాయి పేరు. కౌంటీకి పెట్టిన అడేర్ అన్నది కూడా ఒక ప్రముఖ చెరోకీ కుటుంబపు పేరే.

రాష్ట్రం రావడానికి ముందు జరిగిన ఘట్టమే అసలైనది. అంతవరకు భూమి చెరోకీ ప్రజలందరి ఉమ్మడి సొత్తు. ఇల్లు కట్టుకోవచ్చు, దున్నుకోవచ్చు, అమ్ముకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆ భూమిని పంచడానికి అమెరికా ప్రభుత్వం వేసిన డాస్ కమిషన్ వచ్చి మనుషుల జాబితాలు రాసింది. 1898 నాటి కర్టిస్ చట్టం గిరిజన కోర్టులను రద్దు చేసింది. 1902 ఒప్పందం ప్రకారం తలకొక్కరికి, సగటు రకం భూమి 110 ఎకరాలు ఎంత విలువ చేస్తుందో అంత విలువైన భూమిని పంచిపెట్టారు. అందులో 40 ఎకరాలు కొంతకాలం అమ్మకూడదన్నారు. కానీ 1908లో అమెరికా కాంగ్రెసు, చెరోకీ రక్తం సగం కంటే తక్కువ ఉన్నట్టు నమోదైన వారందరి భూముల మీద ఆ ఆంక్షలను ఎత్తివేసింది. ఆ తర్వాత భూమి ఎలా చేతులు మారి ఉంటుందో మా ఏజెన్సీలో పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1/70 చట్టం గిరిజన భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా అడ్డు కట్టడానికి ప్రయత్నించింది. అక్కడ చట్టమే తలుపు తీసింది.

ఇక మీ ప్రశ్నకు జవాబు. భూమి ముక్కలైనంత మాత్రాన రిజర్వేషన్ హద్దు చెరిగిపోదని, దాన్ని రద్దు చేయాలంటే కాంగ్రెసు స్పష్టంగా చెప్పి తీరాలని 2020 జూలైలో అమెరికా సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ కేసులో క్రీక్ జాతి విషయంలో తీర్పు ఇచ్చింది. అదే సూత్రాన్ని 2021 మార్చిలో ఓక్లహోమా క్రిమినల్ అప్పీలు కోర్టు చెరోకీ రిజర్వేషన్‌కూ వర్తింపజేసింది. కాబట్టి స్టిల్‌వెల్‌లో నిలబడిన మనిషి అడేర్ కౌంటీలో ఉన్నాడు, ఓక్లహోమాలో ఉన్నాడు, చెరోకీ రిజర్వేషన్‌లోనూ ఉన్నాడు. నేరం జరిగినప్పుడు ఎవరి పోలీసు, ఎవరి కోర్టు అన్నది నిందితుడు, బాధితుడు గిరిజనులా కాదా అన్నదాన్ని బట్టి మారుతుంది. గిరిజనేతరుడు గిరిజనుడిపై చేసిన నేరంలో రాష్ట్రానికి కూడా అధికారం ఉందని 2022లో సుప్రీంకోర్టు మరో తీర్పులో చెప్పింది.

లెక్కల మాస్టారు (గుంటూరు)

నేను మూడు జనగణనల్లో ఎన్యూమరేటరుగా, సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. ఇంటింటికీ తిరిగి రాసినవాడికి అంకె వెనుక మనిషి కనిపిస్తాడు. పినాకిని గారు రెండు జనగణనలు మాత్రమే పక్కపక్కన పెట్టారు. నూరేళ్ల వరుస చూడండి. 1910లో 10,535. 1940 నాటికి 15,755. 1960కి 13,112. 1980లో 18,575. 2000లో 21,038. 2010లో 22,683. 2020లో 19,495.

ఇది ఒకే వాలున దిగుతున్న గీత కాదు. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది. 1940 నుంచి 1960 లోపల ప్రతి ఆరుగురిలో ఒకరు తగ్గారు. యుద్ధకాలపు ఫ్యాక్టరీ పనులు ఒక కారణం. 1950లలో అమెరికా ప్రభుత్వమే గిరిజన కుటుంబాలను నగరాలకు తరలించే పథకం నడపడం మరో కారణం. తర్వాత చెరోకీ నేషన్‌కు ప్రధాన నాయకురాలైన విల్మా మాన్‌కిల్లర్ ఈ కౌంటీలోని మాన్‌కిల్లర్ ఫ్లాట్స్ అనే చోట పెరిగారు. 1956లో ఆ పథకం కిందే వారి కుటుంబం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లింది. ఆమెకు అప్పటికి పదేళ్లు.

1960 నుంచి 2010 వరకు జనాభా 73 శాతం పెరిగింది. వెళ్లినవారిలో కొందరు తిరిగివచ్చారు. మాన్‌కిల్లర్ కూడా 1970లలో తిరిగివచ్చారు. గత దశాబ్దంలో తగ్గింది 3,188 మంది, అంటే 14 శాతం. దీనికి ఒక్క కారణం చెప్పి ఊరుకోలేం. పని దొరికే చోట్లన్నీ కౌంటీ హద్దుకు బయటే ఉన్నాయి: పడమట టాలెక్వా, దక్షిణాన ఫోర్ట్ స్మిత్, ఈశాన్యాన మీరున్న బెంటన్‌విల్, ఇంకా దూరాన టల్సా. పినాకిని గారూ, మీ కౌంటీ పెరుగుదల, ఆ కౌంటీ తరుగుదల రెండు వేర్వేరు సంగతులు కావు. ఒకే వలస రెండు చివరల నుంచి కనిపిస్తోంది.

ఇంకొక మాట జాగ్రత్తగా చెప్పాలి. 2020 జనగణన తర్వాత అమెరికా జనగణన సంస్థ తానే చేసుకున్న తనిఖీలో, దేశం మొత్తం మీద రిజర్వేషన్లలో ఉండే అమెరికన్ ఇండియన్లను 5.64 శాతం తక్కువగా లెక్కించినట్టు తేలింది. ఆ తనిఖీ కౌంటీల వారీగా అంచనాలు ఇవ్వదు. అందువల్ల అడేర్ కౌంటీ అంకెకు ఆ 5.64 శాతాన్ని కలిపి సరిదిద్దే పని మీ వ్యాసంలో దయచేసి చేయవద్దు.

పినాకిని

మాస్టారూ, ఆ చివరి మాట సరిగ్గా సమయానికి చెప్పారు. నిజానికి ఆ కూడిక చేసి చిత్తుప్రతిలో రాసి పెట్టుకున్నాను. తీసేశాను.

శబరి గారి వివరణ చదివిన తర్వాత మొన్న శనివారం మళ్లీ స్టిల్‌వెల్ వెళ్లివచ్చాను. ఇంతకుముందు గమనించనిది ఈసారి కనిపించింది: ఆగి ఉన్న కార్లలో సగానికి పైగా వాటికి ఓక్లహోమా నంబరు పలకలకు బదులు చెరోకీ నేషన్ జారీచేసిన పలకలు ఉన్నాయి. కిరాణా దుకాణంలో ఇద్దరు పెద్దవాళ్లు చెరోకీలో మాట్లాడుకోవడం విన్నాను. మధ్యలో ఇంగ్లిషు మాట ఒక్కటీ దొర్లలేదు. చెరోకీల సంఖ్య గురించి నా రెండవ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది, ఎవరైనా అందుకోగలరా?

లెక్కల మాస్టారు

అందుకుంటాను. 2010 పట్టికలో ఈ కౌంటీలో ‘అమెరికన్ ఇండియన్’ అని ఒక్క జాతినే రాసుకున్నవారు, ‘తెల్లవారు’ అని ఒక్కటే రాసుకున్నవారు దాదాపు సరిసమానంగా, ఇద్దరూ 43 శాతం చొప్పున ఉన్నారు. మిగిలినవారిలో అత్యధికులు రెండు జాతులూ రాసుకున్నవారు. ఆ మూడో గుంపును ఎటు కలిపితే అటు త్రాసు మొగ్గుతుంది. మీకు పట్టికలు కొట్లాడుకుంటున్నట్టు కనిపించడానికి ఇదే కారణం. 2020లో ప్రశ్న అడిగే తీరు, జవాబులను వర్గీకరించే తీరు రెండూ మారాయి. దేశవ్యాప్తంగా ఒకటి కంటే ఎక్కువ జాతులు చెప్పుకున్నవారు 90 లక్షల నుంచి 3 కోట్ల 38 లక్షలకు పెరిగారు. పదేళ్లలో పుట్టుకల వల్ల అంత పెరుగుదల అసాధ్యం. అందువల్ల 2010, 2020 శాతాలను పక్కపక్కన పెట్టి ‘చెరోకీలు పెరిగారు’, ‘తగ్గారు’ అని రాయవద్దని నా మనవి.

అసలు తేడా మరొకటి ఉంది. జనగణనలో జాతి అంటే మనిషి తన గురించి తాను చెప్పుకునే మాట. చెరోకీ పౌరసత్వం అలాంటిది కాదు. 2020 జనగణనలో దేశమంతటా చెరోకీ అని పూర్తిగానో పాక్షికంగానో రాసుకున్నవారు 15 లక్షలకు పైన ఉన్నారు. చెరోకీ నేషన్ పౌరులేమో నాలుగున్నర లక్షలకు పైచిలుకు.

శబరి

మాస్టారు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. చెరోకీ నేషన్ పౌరసత్వానికి రక్తపు పాళ్ల లెక్క లేదు. డాస్ కమిషన్ రాసిన ఆ జాబితాలో పూర్వీకులొకరి పేరు ఉన్నట్టు రుజువు చూపితే చాలు. ఒకప్పుడు చెరోకీల దగ్గర బానిసలుగా ఉండి విముక్తులైన నల్లజాతివారి సంతతికీ ఆ హక్కు ఉందని 2017లో ఫెడరల్ కోర్టు తేల్చింది. 2021లో చెరోకీ సుప్రీంకోర్టు తమ రాజ్యాంగంలోని ‘రక్తం చేత’ అన్న మాటనే కొట్టివేసింది. టాలెక్వాలోనే కేంద్రం ఉన్న యునైటెడ్ కీటూవా బ్యాండ్ మాత్రం నాలుగో వంతు రక్తం అడుగుతుంది. అది వేరే గుర్తింపు పొందిన చెరోకీ సంఘం. తమ భూమిని ముక్కలు చేయడానికి రాసిన జాబితాయే ఇవాళ పౌరసత్వానికి ఆధారం కావడం నన్ను చాలా కాలంగా కలవరపెడుతున్న విషయం.

అక్షరసాక్షి (హైదరాబాద్)

భాష గురించి ఎవరైనా ఎత్తుతారేమోనని ఎదురుచూశాను. జనాభా అంటే తలల లెక్క ఒక్కటే కాదు, ఏ నాలుక ఎన్ని ఇళ్లలో ఉందన్నది కూడా.

చెరోకీని పుట్టుకతో మాట్లాడేవారు ఇవాళ సుమారు 2,000 మంది అని అంచనా, వారిలో అత్యధికులు వృద్ధులు. కోవిడ్ కాలంలో ఎందరో పోయారు. ఆ మిగిలినవారిలో పెద్ద భాగం అడేర్, చెరోకీ, డెలావేర్ వంటి కొండ కౌంటీల పల్లెల్లోనే ఉన్నారు. ఇది ఇరొక్వోయన్ కుటుంబపు భాష. దీనికి స్వరభేదం ఉంది, అంటే గొంతు హెచ్చుతగ్గులను బట్టి మాట అర్థం మారవచ్చు. ఒక్కో క్రియాపదం మన వాక్యమంత భారం మోస్తుంది.

లిపి గురించి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పదగిన సంగతి ఒకటి ఉంది. ఏ భాషలోనూ చదవడం రాని సెకోయా అనే కంసాలి, 1821 నాటికి, ఒంటరిగా ఈ లిపిని తయారు చేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 అక్షరాలు. మనకు ‘క’ తెలిస్తే గుణింతం పట్టుకుని కి, కు, కె, కొ రాసేస్తాం, అన్నిటిలో ఒకే రూపం కనిపిస్తుంది. చెరోకీలో ‘గ’, ‘గె’, ‘గి’ అన్న మూడు అక్షరాలకు ఆకారంలో ఎలాంటి చుట్టరికం లేదు, ప్రతి అక్షరాన్నీ విడిగా నేర్చుకోవాల్సిందే. అయినా కొన్ని వారాల్లో నేర్చేసుకున్నారని ఆనాటివారు రాశారు, ఎందుకంటే భాషలోని ధ్వనులకు సరిపడేంత సంఖ్యలోనే అక్షరాలున్నాయి. మన ‘పలక–పాలక’ లాంటి హ్రస్వదీర్ఘ భేదాలను మాత్రం ఆ లిపి చూపదు. చదివేవాడికి భాష ముందే వచ్చి ఉండాలి. 1828లో ఈ అక్షరాలతో చెరోకీ ఫీనిక్స్ పత్రిక వెలువడింది. అడేర్ కౌంటీకి దక్షిణాన ఉన్న పొరుగు కౌంటీకి సెకోయా పేరే పెట్టారు, ఆయన కట్టుకున్న దుంగల ఇల్లు అక్కడ ఇప్పటికీ ఉంది.

వైద్యమిత్ర (టల్సా)

స్టిల్‌వెల్ పేరు 2018లో దేశమంతటి పత్రికల్లో ఒక బాధాకరమైన కారణంతో వచ్చింది. పినాకిని గారు ఎలాగూ చూసే ఉంటారు కనుక దాని గురించి ఒక మాట. అమెరికాలోని చిన్న చిన్న జనగణన ఖండాల వారీగా ఆయుర్దాయాన్ని లెక్కగడితే, స్టిల్‌వెల్ ఉన్న ఖండంలో అది 56.3 ఏళ్లు అని, దేశం మొత్తంలో అదే అత్యల్పమని తేలింది. ఆ అంకెను మొత్తం కౌంటీకి గానీ, ‘చెరోకీల ఆయుర్దాయం’ అని గానీ దయచేసి రాయకండి. అది కొన్ని వేల మంది ఉన్న ఒక ఖండంలో 2010–2015 మధ్య నమోదైన మరణాల ఆధారంగా వేసిన అంచనా. చిన్న జనాభాలో కొద్ది మరణాలు అటూ ఇటూ అయినా సగటు బాగా కదులుతుంది.

అంకెను జాగ్రత్తగా చదవాలంటున్నాను కానీ, అక్కడ జబ్బు లేదనడం లేదు. మధుమేహం, గుండెజబ్బు, కాలేయ వ్యాధులు, మత్తు మందులు, వీటితో పాటు పెద్ద ఆసుపత్రికి గంట ప్రయాణం, సొంత కారు లేకపోతే అదీ కుదరదు. నా దగ్గరకు ఆ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మూడు నెలలుగా నొప్పి భరిస్తూ వచ్చారు, మనవడికి సెలవు దొరికిన రోజు దాకా ఆగారు. ఆ రోజు ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

చెరోకీ నేషన్ తన సొంత వైద్యవ్యవస్థను నడుపుతోంది. స్టిల్‌వెల్‌లోని వారి క్లినిక్‌కు విల్మా మాన్‌కిల్లర్ పేరే ఉంది. 2020లో టాలెక్వాలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీతో కలిసి వైద్య కళాశాల తెరిచారు. గిరిజన ప్రభుత్వంతో కలిసి నడిచే మొదటి వైద్య కళాశాల దేశంలో అదే. అక్కడ చదివినవారు పల్లెల్లోనే ఉండిపోవాలని వారి ఆశ, నా ఆశ కూడా.

ఓజార్క్ బాటసారి

ఇదంతా చదివాక నా మొదటి అభిప్రాయం మరింత బలపడింది. చెరోకీ భాష, చెరోకీ ఊళ్లు ఈ కొండల్లో మిగిలాయంటే కారణం కొండలే. వాయవ్యాన ఉన్న గడ్డిమైదానాల మీద రైళ్లు, పశువుల వ్యాపారులు, బయటి రైతులు వాలిపోయారు. ఇక్కడి రాతినేల ఎవరికీ అక్కరలేకపోయింది. అక్కరలేని నేల ఒక విధంగా రక్షణ.

శబరి

బాటసారి గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. కొండ కాపాడింది అంటే మనుషులు ఊరికే కూర్చున్నారనే అర్థం వస్తుంది. మా గోదావరి ఒడ్డున కూడా అడవి ఉంది, కొండలున్నాయి. అవి ఎవరినీ వాటంతట అవి కాపాడలేదు.

ఈ కౌంటీలోనే దానికి మంచి నిదర్శనం ఉంది. దక్షిణాన బెల్ అనే చెరోకీ పల్లె ఉంది. 1980ల మొదట్లో అక్కడ చాలా ఇళ్లకు కుళాయి నీరు లేదు. చెరోకీ నేషన్‌లో ఉద్యోగిగా ఉన్న విల్మా మాన్‌కిల్లర్, చెరోకీ మాట్లాడే చార్లీ సోప్‌తో కలిసి ఆ ఊరివాళ్లను కూర్చోబెట్టారు. సుమారు 16 మైళ్ల నీటి గొట్టపు మార్గాన్ని ఊరివాళ్లే, కుటుంబానికి కొంత భాగం చొప్పున పంచుకుని, కూలి తీసుకోకుండా తవ్వి వేశారు. చెరోకీలో దీనికి ‘గడుగి’ అన్న మాట ఉంది: అందరూ కలిసి ఒకరి పని చేసిపెట్టడం. మన పల్లెల్లో ఒకరి పొలానికొకరు బదులు వెళ్లడం తెలిసినవారికి అది వెంటనే అర్థమవుతుంది. ఆ పని విజయమే ఆమెను 1983లో ఉపనాయకురాలిని, 1985లో ప్రధాన నాయకురాలిని చేసింది. చెరోకీ నేషన్‌కు ఆ పదవిలో మొదటి స్త్రీ ఆమె. నీరు వచ్చిన ఊరిలో మనుషులు ఉంటారు, రాని ఊరి నుంచి వెళ్లిపోతారు. జనాభా పట్టికలో ఆ గొట్టం కనిపించదు.

ఓజార్క్ బాటసారి

ఒప్పుకుంటున్నాను శబరి గారూ. ‘కొండలే’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటాను. కొండ అవకాశం ఇచ్చింది, నిలబడినది మనుషులు. అయితే నేల ధర తక్కువ కావడం వల్లనే భూమి వాళ్ల చేతుల్లో కొంతైనా మిగిలిందన్న మాటను మాత్రం విడిచిపెట్టను. పంపకం విలువను బట్టి జరిగింది కనుక రాతినేల తీసుకున్నవారికి ఎకరాలు ఎక్కువ వచ్చాయి, కొనేవాళ్లు తక్కువ వచ్చారు.

నీటి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ సున్నపురాతి నేలలో పైన వేసినది ఏదైనా త్వరగా ఊటలోకి దిగుతుంది. సరిహద్దుకు ఇరువైపులా వేల సంఖ్యలో ఉన్న కోళ్ల షెడ్ల ఎరువును పొలాలపై చల్లడం వల్ల ఇల్లినాయ్ నదిలో భాస్వరం పెరిగి, ఒకప్పటి తేటనీరు వేసవిలో పచ్చబడుతోంది. ఓక్లహోమా రాష్ట్రం 2005లో కోళ్ల కంపెనీలపై వేసిన దావాలో 2023 జనవరిలో ఫెడరల్ న్యాయమూర్తి రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పారు. అంతకుముందే, 1992లో, మా ఫేయెట్‌విల్ మురుగునీటి విషయమై రెండు రాష్ట్రాల తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోళ్ల పని ఈ కౌంటీలో చాలా కుటుంబాలకు జీవనాధారం, అదే నీటికి ముప్పు. మీ వ్యాసంలో రెండూ రాయండి, ఒకటి రాసి ఒకటి వదలకండి.

పినాకిని

అందరికీ కృతజ్ఞతలు. వ్యాసం వరుసను పూర్తిగా మార్చేశాను. ‘జనాభా’ అన్న విభాగం చివర ఉండేది, దాన్ని ‘నేల’, ‘భూమి పంపకం’ తర్వాత వెంటనే పెట్టాను. 56.3 అంకె పక్కన అది ఒక ఖండానికి చెందినదని రాశాను. చివరిగా ఒక చిన్న సందేహం: పేరును అడైర్ అని రాయాలా, అడేర్ అని రాయాలా? ఇప్పటికే ఉన్న ఒక జాబితాలో అడైర్ అని ఉంది. పైగా అడేర్ అనే ఊరు కూడా ఉంది, దాన్నే కౌంటీ కేంద్రమని పొరబడి ఒకరు రాశారు.

అక్షరసాక్షి

అక్కడివారి పలుకు అడేర్. ‘డే’ మీద ఊనిక పడుతుంది. అడైర్ అన్నది స్పెల్లింగును చూసి రాసిన రూపం, ఆ పేరుతో వెతికినవారు ఈ వ్యాసానికే చేరేలా దాన్ని దారిమార్పుగా ఉంచండి.

లెక్కల మాస్టారు

అడేర్ అనే ఊరు ఈ కౌంటీలో లేదు, వాయవ్యాన ఉన్న మేయెస్ కౌంటీలో ఉంది. ఈ కౌంటీకి మొదట వెస్ట్‌విల్ కేంద్రం, 1910 నుంచి స్టిల్‌వెల్. అయోవా, కెంటకీ, మిస్సోరీ రాష్ట్రాల్లో కూడా అడేర్ కౌంటీలు ఉన్నాయి కాబట్టి శీర్షికలో ‘ఓక్లహోమా’ తప్పకుండా చేర్చమ్మా.